కిహాన్సి కప్పను జూ బతికించింది, మరి మన కుంటల కప్ప?

జూ అంటే పులిని, ఏనుగును చూసొచ్చే జాగనే అనుకునేటోణ్ని. టాంజానియాల కిహాన్సి కప్ప ముచ్చట తెలిసినంక నా ఆలోచన మారింది.

ఈ కప్ప మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటది. కిహాన్సి జలపాతం తుంపర్లు పడే రెండు హెక్టార్ల జాగనే దాని లోకం. కరెంటు కోసం డ్యామ్ కట్టి, తొంబై శాతం నీళ్లు మళ్లించిన్రు. తుంపర్లు ఆగినయ్. 2000ల 499 కప్పల్ని అమెరికా జూలకు తీస్కపోయిన్రు. అక్కడి లోయల పైపులతోని నీళ్లు చిమ్మినా లాభం లేకపాయె. కప్పల తోలుకు పట్టే ఫంగస్ కూడా వచ్చింది. 2009ల ఈ జాతి అడవిల అంతరించిందని ప్రకటించిన్రు.

జూలల్ల మాత్రం అద్దాల పెట్టెలల్ల తుంపర్లు పెట్టి, వేలల్ల పెంచిన్రు. 2012ల వాటిని మళ్ల ఆ లోయలనే ఇడిచిపెట్టుడు షురూ చేసిన్రు.

జూ లేకుంటే ఆ కప్ప ఫొటోలల్లనే మిగిలేది. గని ఒక్క డ్యామ్ చెడగొట్టిన దాన్ని సరిచెయ్యనీకి పన్నెండేండ్లు పట్టింది. పైపుల తుంపర్లు లేకుంటే ఆ లోయ దానికి ఇల్లు కాదు. తమ్మీ, మనూరి కుంటను మట్టి పోసి పూడుస్తుంటే మనం ఊకుంటే, అండ్ల కప్పల కోసం ఏ జూ వస్తది?