మోటార్‌సైకిల్ ముందు స్ప్రాకెట్‌ను ఇంటి వద్దే మార్చుకోవచ్చా? ఏయే జాగ్రత్తలు అవసరం?

మోటార్‌సైకిల్ గొలుసు టకటకమని శబ్దం చేస్తే చాలామంది వెంటనే దానిని బిగిస్తారు. బిగించిన కొద్ది రోజులకే అది మళ్లీ వదులవుతుంటే, లోపం గొలుసుతో పాటు ఇంజిన్ పక్కన మూత వెనుక దాగి ఉండే చిన్న పళ్ల చక్రంలోనూ ఉండవచ్చు. మెకానిక్ షెడ్లలో దీనినే ముందు స్ప్రాకెట్ అంటారు. గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని గొలుసుకు అందించేది ఇదే.

ముందు 14, వెనుక 42 పళ్లు ఉన్న బండిని తీసుకుందాం. వెనుక చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే ముందున్న ప్రతి పన్నూ వెనుక పన్నుకన్నా మూడు రెట్లు ఎక్కువసార్లు గొలుసును లాగుతుంది. పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు మోస్తూ మట్టిబాటల్లో తిరిగే బండ్లలో ఈ అరుగుదల మరింత త్వరగా కనిపిస్తుంది. అరిగిన పన్ను కొడవలి కొనలా ఒక వైపుకు వంగిపోతుంది. దానిపై నుంచి గొలుసు జారి ఇంజిన్ వద్ద ఇరుక్కుంటే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. వేగంలో ఉన్నప్పుడు అది ప్రాణాపాయమే.

గొలుసు కూడా సాగిపోయి ఉంటే రెండు స్ప్రాకెట్లు, గొలుసు కలిపి ‘చైన్ సెట్’గా మార్చడమే మేలు. సాగిన గొలుసు కొత్త పళ్లను త్వరగా తినేస్తుంది. ముందు స్ప్రాకెట్ ధర తక్కువ కదా అని దానినొక్కదానినే మార్చడం చాలాసార్లు పొదుపు అనిపించుకోదు. గొలుసు, వెనుక స్ప్రాకెట్ బాగున్నాయని చూసి నిర్ధారించుకున్నప్పుడే ఆ పని చేయాలి.

పని ఎలా సాగుతుంది?

100-125 సీసీ బండ్లలో చాలావాటికి స్ప్రాకెట్‌ను రెండు చిన్న బోల్టులు, ఒక బిళ్ల పట్టి ఉంచుతాయి. ఇంజిన్ చల్లబడ్డాక బండిని చదునైన నేలపై సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. గేర్ రాడ్ తీయవలసి వస్తే అది ఏ గాడిలో ఉందో ముందే సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. మూత తీయగానే గ్రీజు, మట్టి కలిసిన ముద్ద కనిపిస్తుంది. దానిని శుభ్రం చేశాక షాఫ్టు చుట్టూ నూనె కారుతోందేమో చూడాలి. కారుతుంటే ఆయిల్ సీల్ మార్చవలసిందే.

కొత్తవారు తడబడేది తరువాతి అడుగు వద్దనే. గొలుసు తీయకముందే స్ప్రాకెట్ బోల్టులను వదులు చేయాలి. మరొకరు వెనుక బ్రేకు నొక్కి పట్టుకుంటే స్ప్రాకెట్ కదలదు, పానా పట్టు దొరుకుతుంది. గొలుసు తీసేశాక దానిని ఆపే ఆధారమే ఉండదు. రెండు బోల్టులకు బదులు ఒకే పెద్ద నట్టు ఉంటే, దాని కింద మడిచి ఉన్న వాషరు అంచును ముందు చదును చేయాలి. కొన్ని నమూనాలలో ఆ నట్టు మరలు తిరగేసి ఉంటాయి. బలం ఉపయోగించే ముందు బండితో ఇచ్చిన పుస్తకం చూడడం ఉత్తమం.

ఆ తరువాత వెనుక ఇరుసు నట్టు, చైన్ అడ్జస్టర్లు వదులు చేసి చక్రాన్ని ముందుకు జరిపితే గొలుసు వదులవుతుంది. బిళ్లను కొద్దిగా తిప్పి లాగితే అది బయటకు వస్తుంది, దాని వెనుకే స్ప్రాకెట్ కూడా. పాతదాని మీద కొత్తదానిని పెట్టి పళ్ల సంఖ్య, మధ్య గాడులు సరిపోల్చాలి. గొలుసు కొలత కూడా కలవాలి. ‘428’ అని ముద్రించిన గొలుసులో మొదటి అంకె 4, రెండు పిన్నుల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులని, అంటే అర అంగుళమని సూచిస్తుంది.

కొత్తది తొడిగాక అడ్జస్టర్ల గుర్తులు రెండు వైపులా ఒకే గీత వద్ద ఉండాలి. గొలుసు కింది భాగం మధ్యలో వేలితో కదిపితే ఈ తరహా బండ్లలో సాధారణంగా 20-30 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది. గొలుసు లాక్‌ను కూడా తీసి ఉంటే, దాని క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు కదిలే దిశకు ఉండాలి. ఇరుసు బిగించి, చక్రం జరిగినందున మారిన వెనుక బ్రేకును సరిచేశాకే, మళ్లీ బ్రేకు నొక్కించి స్ప్రాకెట్ బోల్టులను చివరిగా బిగించాలి. గొలుసుకు నూనె పెట్టేందుకు ఇంజిన్‌ను గేరులో నడపడం కొందరి అలవాటు. వేళ్లు తెగేది అక్కడే. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, వేళ్లను పళ్లకు దూరంగా ఉంచితే చాలు.

పళ్ల సంఖ్య మారిస్తే?

14కు బదులు 13 పళ్లు వేస్తే అదే వేగానికి ఇంజిన్ దాదాపు 8 శాతం ఎక్కువ తిరగాలి. ఎత్తుకు లాగే బలం పెరుగుతుంది కానీ గరిష్ఠ వేగం, చాలా సందర్భాలలో మైలేజీ తగ్గుతాయి. వేగాన్ని గేర్‌బాక్సు వద్ద కొలిచే బండ్లలో మీటరు కూడా తప్పు చూపుతుంది. ముందు చక్రం వద్ద కొలిచేవాటికి ఈ ఇబ్బంది లేదు.

పని కోసం తీసిన చైన్ కవర్‌ను, చీర గార్డును తిరిగి బిగించాకే బండిని రోడ్డెక్కించాలి. వెనుక కూర్చున్నవారి దుస్తులు చిక్కుకోకుండా వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 123వ నిబంధన చెబుతోంది.