స్కాన్ చెప్పేదెంత, మనం చెప్పవలసిందెంత?

(ట్రుగనీనా ప్రాంతపు తెలుగు శ్రోతల కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)

ట్రుగనీనాలోను, చుట్టుపక్కల టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీలలోను ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: స్కాన్. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు స్టవ్ ఆపడం మర్చిపోతున్నారు, స్కాన్ తీయిద్దామా? యూనివర్సిటీలో చదివే అబ్బాయి గది తలుపేసుకుని నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, స్కాన్ తీస్తే తెలుస్తుందా? నాన్నగారికి ఫిట్స్ వచ్చాయి, స్కాన్‌లో మచ్చ ఉందన్నారు, కొంపదీసి క్యాన్సరా?

ఈ మూడింటికీ జవాబు ఒకటి కాదు. మెదడు స్కాన్ ఒకచోట ప్రాణం నిలబెడుతుంది, ఇంకోచోట సగం కథే చెబుతుంది, మరోచోట దాదాపు ఏమీ చెప్పదు. ఏది ఎక్కడో తెలిస్తే అనవసరమైన భయమూ తగ్గుతుంది, అనవసరమైన ధీమా కూడా తగ్గుతుంది.

ముందు యంత్రాల సంగతి చూద్దాం. సీటీ స్కాన్ అంటే ఎక్స్‌రేయే. కాకపోతే తల చుట్టూ అనేక కోణాల నుంచి తీసి, కంప్యూటర్‌తో లెక్కకట్టి, మెదడుని పొరలు పొరలుగా చూపిస్తారు. దీనితో మొదటిసారి ఒక రోగి మెదడుని చూసింది 1971 అక్టోబరు 1న, లండన్‌లోని వింబుల్డన్‌లో. యంత్రం తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. ఆయనకి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు కలిసి మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ నుంచి సంకేతాలు రాబడతాయి. మెత్తటి కండ వివరాలు ఇందులో బాగా తెలుస్తాయి. మూడోది పెట్ స్కాన్. ఇందులో కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరుతుందో చూస్తారు. మొదటి రెండూ ఇంటి గోడలు చూపిస్తే, మూడోది ఏ గదిలో దీపం వెలుగుతోందో చూపిస్తుందన్నమాట.

ఇక స్కాన్ ప్రాణం నిలబెట్టే చోటుకి వద్దాం. అది పక్షవాతం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, లేదా నాళం చిట్లి ఉండవచ్చు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. గడ్డని కరిగించే మందు నాళం చిట్లిన మనిషికిస్తే ప్రాణాపాయం. తేడా చెప్పేది స్కానే. అందుకే స్కాన్ కాకముందు ఇంట్లో ఉన్న యాస్పిరిన్ మింగించకూడదు. మన మెల్‌బోర్న్‌లో 2017 నవంబరు నుంచి సీటీ యంత్రం అమర్చిన అంబులెన్సు తిరుగుతోంది. ఆస్ట్రేలియాలో అలాంటిది అదే మొదటిది. గడ్డ కరిగించే మందుకి నాలుగున్నర గంటలే గడువు అనుకునేవారు. మెల్‌బోర్న్ వైద్యులు నడిపించి 2019లో ప్రచురించిన ఎక్స్‌టెండ్ అనే పరిశోధన, స్కాన్‌లో ఇంకా బతికి ఉన్న మెదడు భాగం కనిపిస్తే కొందరిలో ఆ గడువుని తొమ్మిది గంటల దాకా పొడిగించవచ్చని చూపించింది. అలా అని తీరిగ్గా వెళ్ళమని కాదు. వెంటనే 000 కి ఫోన్ చెయ్యాలి. లక్షణాలు మొదలైన టైము గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఆ టైము ఏ యంత్రానికీ తెలియదు.

రెండోది ఫిట్స్, స్కాన్‌లో మచ్చ. ఇక్కడ మన దేశపు పాఠం ఒకటుంది. ఫిట్స్ వచ్చినవాళ్ళ సీటీ స్కాన్‌లో చిన్న ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే, ఒకప్పుడు ఇండియాలో క్షయ గడ్డగా భావించి నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవారు. 1980ల చివర, 1990ల మొదట్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు చాందీ, రాజశేఖర్, వారి సహచరులు ఆ మచ్చల్ని బయాప్సీ చేసి పరీక్షిస్తే, చాలావాటిలో కనిపించింది క్షయ కాదు, చనిపోతున్న బద్దెపురుగు పిల్ల. ఫొటో అంతకుముందూ అదే, ఆ తరవాతా అదే. మారింది దాని అర్థం.

ఈ జబ్బు పంది మాంసం తినేవాళ్ళకే వస్తుందనుకోవడం పొరపాటు. పురుగు గుడ్లు సరిగా కడగని ఆకుకూరల ద్వారా, చేతుల ద్వారా కడుపులోకి వెళతాయి కాబట్టి పూర్తి శాకాహారులకి కూడా వస్తుంది. మెల్‌బోర్న్‌లో ఇది అరుదు. కాబట్టి ఏ ఊళ్ళో పెరిగారు, ఈమధ్య ఎప్పుడు ఇండియా వెళ్ళివచ్చారు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్నవి డాక్టరు అడక్కపోయినా మనమే చెప్పాలి.

మూడోది మతిమరుపు. దీని గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో కొంత ఈ ఊరి నుంచే వెళ్ళింది. మెల్‌బోర్న్, పెర్త్ నగరాల్లో 2006లో మొదలైన ఏఐబీఎల్ పరిశోధనలో 60 ఏళ్ళు దాటిన 1,112 మంది చేరారు. వీళ్ళలో కొందరికి ఆల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ అనే పదార్థాన్ని పట్టుకునే పెట్ స్కాన్ తీశారు. ఆ మడ్డి పేరుకోవడానికి దాదాపు 20 ఏళ్ళు పడుతుందని 2013లో లెక్కకట్టారు. అంతేకాదు, జ్ఞాపకశక్తి బాగానే ఉన్న పెద్దవాళ్ళలో కూడా దాదాపు మూడోవంతు మందికి అది కనిపించింది. అంటే స్కాన్‌లో అమిలాయిడ్ ఉన్నంతమాత్రాన మతిమరుపు జబ్బు వచ్చేసినట్టు కాదు.

దీనికి రెండో వైపు మన హైదరాబాదులో కనిపిస్తుంది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అదే నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా రెండు, అంతకుమించి భాషలు వచ్చినవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. టొరంటోలో 2012లో వచ్చిన మరో పరిశోధన ఇంకో విశేషం చెప్పింది. మతిమరుపు ఒకే స్థాయిలో ఉన్న రోగుల్ని పోలిస్తే, రెండు భాషలవాళ్ళ మెదడు స్కాన్‌లో ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. మెదడు అంత దెబ్బతిన్నా వాళ్ళు నెట్టుకొచ్చారన్నమాట. స్కాన్ దెబ్బని చూపిస్తుంది, తట్టుకునే శక్తిని చూపించదు.

అందుకే స్కాన్‌తోపాటు ప్రశ్నల పరీక్ష కూడా పెడతారు. మన పెద్దవాళ్ళకి అసలు చిక్కు అక్కడే. జూన్ నెలలో "ఇప్పుడు ఏ కాలం?" అని అడిగితే వానాకాలం అనే అమ్మకి ఇక్కడ మార్కు పోతుంది. ఆవిడకి డెబ్బై ఏళ్ళుగా జూన్ అంటే ఏరువాకే! ఇంగ్లీషులో అడిగితే మరీ అన్యాయం. పక్కన కూర్చున్న కొడుకు జవాబు అందిస్తే ఇంకో రకం అన్యాయం, ఉన్న జబ్బు దాగిపోతుంది. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ప్రభుత్వ దుబాసీ సేవ ఫోన్ నంబరు 131 450. 2025 మే నెలలో ఆస్ట్రేలియాలో ఆమోదం పొందిన డొనానెమాబ్ మందు జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకే. అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమో చూడటానికి ఎమ్మారైలు తీస్తూ ఉండాలి. కాబట్టి సరైన సమయంలో సరైన నిర్ణయం జరగడం ఇదివరకటికంటే ముఖ్యం.

చివరిది మనోవ్యాధి. డిప్రెషన్‌నిగానీ, స్కిజోఫ్రీనియానిగానీ ఒక మనిషి స్కాన్ చూసి నిర్ధారించే పద్ధతి ఈనాటికీ లేదు. మెల్‌బోర్న్‌కి చెందిన క్రిస్టోస్ పాంటెలిస్ బృందం 2003లో, సైకోసిస్ మొదలవుతున్న యువకుల ఎమ్మారైలలో మార్పులు చూపించింది. కానీ అవి గుంపుల సగటులో కనిపించే తేడాలు. మగవాళ్ళు సగటున ఆడవాళ్ళకన్నా పొడుగు, నిజమే. అయితే ఒక మనిషి ఎత్తు మాత్రం చెప్పి ఆడో మగో చెప్పమంటే చెప్పగలమా? ఇదీ అంతే. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన చేపని ఎమ్మారైలో పెట్టి బొమ్మలు చూపిస్తే, లెక్కలు జాగ్రత్తగా వేయని పద్ధతిలో దాని మెదడు "పనిచేస్తున్నట్టు" తేలింది! రంగుల బొమ్మని చూసి మోసపోవద్దని వాళ్ళ హెచ్చరిక.

మరి అబ్బాయికి డాక్టరు స్కాన్ ఎందుకు రాస్తారు? గడ్డో, మెదడువాపో లాంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి. అది నార్మల్ అని వస్తే "ఏమీ లేదు, నటిస్తున్నాడు" అని కాదు అర్థం. వైద్యం మొదలుపెట్టవచ్చని అర్థం. జాన్ కేడ్ ఇదే మెల్‌బోర్న్‌లో మానియా రోగులకి లిథియం పనిచేస్తుందని 1949లో చెప్పాడు, మొదటి సీటీ స్కాన్‌కి 22 ఏళ్ళ ముందు. ఆ మందు ఇప్పటికీ వాడుతున్నారు. రోగిని దగ్గరుండి గమనించడమే ఆయన యంత్రం. నిద్ర ఎప్పటినుంచి తగ్గింది, తిండి ఎలా ఉంది, చచ్చిపోవాలన్న మాట వచ్చిందా అన్నవి ఇంట్లోవాళ్ళే చెప్పగలరు. ఆ మాట వస్తే ఆలస్యం వద్దు. లైఫ్‌లైన్ నంబరు 13 11 14. ప్రమాదం ముంచుకొస్తే 000.

ఇక కొన్ని చిన్న విషయాలు. ఇండియాలో తీసిన పాత స్కాన్‌లు బీరువా మీద వదిలేయకుండా, రిపోర్టుతోపాటు సీడీ కూడా తెప్పించుకోండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది. ఎమ్మారైకి మంగళసూత్రం, ముక్కుపుడక, మెట్టెలు, చీరకి పెట్టిన పిన్నీసులు అన్నీ తీసేయాలి. అక్కడికక్కడ చెబితే పెద్దవాళ్ళు కంగారుపడతారు, ఇంట్లోనే చెప్పి ఒప్పించండి. పేస్‌మేకర్ ఉంటే అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే చెప్పాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళలో చాలామందికి మెడికేర్ ఉండదు కనుక ఇన్సూరెన్సులో ఏం ఉందో ముందే చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: ఏమి మారింది, ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఏ భాషలో బాగా మాట్లాడగలరు. స్కాన్ చదివే డాక్టరుకి బొమ్మతోపాటు ఆ కాగితం కూడా కావాలి.