కార్డుంది, నెట్టు రాదేం?

ఇలా వచ్చి కూర్చోండర్రా. చిన్నోడా, ఆ ల్యాప్‌టాప్ కూడా పట్రా. లైనక్స్ వేశాక వైఫై రావట్లేదని పొద్దుట్నుంచీ మొహం వేలాడేసుకున్నావు. మళ్ళీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేస్తానంటావా? వద్దు నాన్నా. ఏమైందో దాన్నే అడుగుదాం, అదే చెబుతుంది.

సంతలో కొత్త ఎద్దును కొన్నామనుకోండి. మంచి బలంగా ఉంటుంది, కానీ దానికి అలవాటైన అదిలింపు తెలియకపోతే కాడి కట్టినా కదలదు. ఆ అదిలింపు తెలిసిన పాలేరు కావాలి. నెట్‌వర్క్ కార్డుకి ఆ పాలేరే డ్రైవరు. లైనక్స్‌లో చాలామట్టుకు డ్రైవర్లు దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌తో పాటే వచ్చేస్తాయి. తొలిరోజుల్లో వాటిని ఓపిగ్గా రాసినవాళ్ళలో డొనాల్డ్ బెకర్ ఒకాయన. నాసాలో పనిచేస్తూ, 1994లో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి మామూలు కంప్యూటర్లను ఈథర్నెట్ తీగలతో జతచేసి బేవుల్ఫ్ అనే పెద్ద యంత్రాన్ని తయారుచేశాడు. ఆయన రాసిన డ్రైవర్లు ఊరందరికీ పనికొచ్చాయి!

సరే, ఇప్పుడు టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, చిన్న గీతా ఎన్ఎన్‌కే కొట్టు. నెట్‌వర్క్ అన్న వరస చివర్లో రెండు చుక్కలకి అటూ ఇటూ రెండు నంబర్లున్నాయా? మొదటిది కంపెనీది, రెండోది ఆ కార్డు రకానిది. 10ఈసీ అంటే రియల్‌టెక్. నీది 8086, అంటే ఇంటెల్. 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరే ఈ నంబరు, భలే ముచ్చటగా లేదూ! డబ్బా మీద ఏం రాసినా కెర్నెల్ పట్టించుకోదర్రా. ప్రతి డ్రైవరు దగ్గరా తనకి తెలిసిన నంబర్ల జాబితా ఉంటుంది, దాన్నిబట్టే కార్డుకి డ్రైవరు దొరుకుతుంది.

ఆ కిందే చూడు. 'కెర్నెల్ మాడ్యూల్స్' దగ్గర ఐడబ్ల్యూఎల్‌వైఫై అని ఉంది కానీ, 'డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరసే లేదు. డ్రైవరు ఉండీ పని అందుకోలేదన్నమాట. ఎందుకో సుడో డీమెస్‌జీ చెబుతుంది, చదువు. 'ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2'. మైనస్ 2 అంటే ఫైలు దొరకలేదని, అంతే! కార్డు పాడవలేదు, డ్రైవరు తప్పూ లేదు. కార్డు తన లోపల నడుపుకునే చిన్న ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అది లిబ్ అనే ఫోల్డరులో, ఫర్మ్‌వేర్ అన్న దాంట్లో ఉండాలి, లేదు.

నువ్వు వేసింది డెబియన్ 11 కదా. ఇలాంటి ఫర్మ్‌వేర్‌కి సోర్సు కోడ్ బయటపెట్టరు గనక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని డెబియన్ వాళ్ళు తమ అసలు ఇన్‌స్టాలర్లో పెట్టేవాళ్ళు కాదు. వాళ్ళ పట్టుదలంటే నాకు గౌరవమే. కానీ నెట్టు రాకపోతే నెట్టు తెచ్చే ఫైలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? 2022లో ఓటు పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అందులోనే చేర్చారు. మంచిపని చేశారు.

మనకి ఫోనుంది కదా. యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ నొక్కు, దాని డ్రైవరు కెర్నెల్లోనే ఉంది. సోర్సెస్ ఫైల్లో నాన్-ఫ్రీ చేర్చి, అప్‌డేట్ చేసి, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీ వేసుకో. తర్వాత మోడ్‌ప్రోబ్‌తో ఆ మాడ్యూల్‌ని ఒకసారి తీసి మళ్ళీ పెట్టు. ఇంకా రాకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టి చూద్దాం, ఒక్కోసారి కీబోర్డు మీది మీటే వైఫైని ఆపేసి ఉంటుంది.

అదిగో! 'లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్' అని నంబరుతో సహా రాసింది. వైఫై పేర్లు తెరువు. పాస్‌వర్డు నానమ్మనడుగు, ఈమధ్యే మార్చింది.