గుణకార పద సమస్యలు – చిత్ర పద్ధతి

గుణకార పద సమస్యలు అనగా మాటలలో చెప్పిన పరిస్థితిని అర్థం చేసుకొని గుణకారం ద్వారా సాధించవలసిన లెక్కలు. లెక్క చేయడానికి ముందు, సమస్యలోని రాశుల మధ్య ఉన్న సంబంధాన్ని చుక్కలు, గడులు, పట్టీల రూపంలో గీసుకొనే విధానాన్ని చిత్ర పద్ధతి అంటారు. ప్రాథమిక పాఠశాల తరగతులలో ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు వ్యవసాయానికి సంబంధించినవి. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో భాగంగా ఉన్న ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు.

అవసరం

ఎక్కాలు కంఠతా వచ్చిన విద్యార్థి కూడా పద సమస్య దగ్గర తడబడవచ్చును. ఏ పద్ధతి వాడాలో తెలియక "రెట్లు" అంటే గుణించాలి, "ఎక్కువ" అంటే కూడాలి అని కొన్ని మాటలను కొండగుర్తులుగా పెట్టుకోవడం ఇందుకు ఒక కారణం. ఈ కొండగుర్తులు అన్ని వేళలా పనిచేయవు. ఉదాహరణకు:

"అన్నకు 24 క్వింటాళ్ల పత్తి పండింది. ఇది తమ్మునికి పండిన దానికి 3 రెట్లు. తమ్మునికి ఎంత పండింది?"

ఇందులో "రెట్లు" అనే మాట ఉన్నప్పటికీ 24ను 3తో భాగించాలి. జవాబు 8 క్వింటాళ్లు. 72 అని వ్రాసిన విద్యార్థి ఎక్కంలో పొరపాటు చేయలేదు, సంబంధాన్ని తలక్రిందులుగా గ్రహించాడు. ఇటువంటి పొరపాటును ఎక్కాలు మళ్లీ వల్లె వేయించి సరిదిద్దలేము. బొమ్మ గీసినప్పుడు ఎవరి పట్టీ పొడవుగా ఉండాలో విద్యార్థి ముందే నిర్ణయించుకోవలసి వస్తుంది కనుక పొరపాటు అక్కడే బయటపడుతుంది.

చిత్రాలలో రకాలు

సమాన గుంపులు: ఇది అన్నిటికంటే తేలికైన చిత్రం. వామనగుంటల ఆటలో రెండు వరుసలలో ఏడేసి గుంటలు, అనగా 14 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంటలో ఐదేసి చింతపిక్కలు వేస్తే మొత్తం 14 × 5 = 70 పిక్కలు. "ఐదేసి", "తలా ఐదు", "ఐదు చొప్పున" అనే తెలుగు మాటలు ఒక్కొక్క గుంపు పరిమాణాన్ని తెలుపుతాయి. ఈ పరిమాణమే గుణ్యము, గుంపుల సంఖ్య గుణకము, వచ్చిన మొత్తం లబ్ధము.

వరుసల అమరిక: చుక్కల ముగ్గు వేసేవారికి ఈ చిత్రం పరిచితమైనదే.

● ● ● ● ●
● ● ● ● ●
● ● ● ● ●

దీనిని అడ్డంగా చూస్తే 3 వరుసలలో ఐదేసి చుక్కలు, నిలువుగా చూస్తే 5 వరుసలలో మూడేసి చుక్కలు. చుక్కలు మారలేదు కాబట్టి 3 × 5, 5 × 3 సమానం. గుణకారపు స్థిత్యంతర న్యాయం ఈ విధంగా కంటికి కనబడుతుంది.

వైశాల్య చిత్రం: సంఖ్యలు పెద్దవైనప్పుడు చుక్కలకు బదులు దీర్ఘచతురస్రం గీస్తారు. ఒక మిరప చేనులో 24 వరుసలు, వరుసకు 15 మొక్కలు ఉన్నాయనుకుంటే, 24ను 20, 4 అని రెండు ముక్కలుగా విడదీయవచ్చును.

| 20 × 15 = 300 | 4 × 15 = 60 |

మొత్తం 360 మొక్కలు. ఇదే విభాగ న్యాయం. రెండంకెల గుణకారాన్ని మెట్లుగా ఎందుకు చేస్తారో ఈ చిత్రం తెలియజేస్తుంది.

పట్టీ చిత్రం: పోలిక లెక్కలకు ఇది అనువైనది. పైన చెప్పిన అన్నదమ్ముల లెక్కను ఇలా గీయవచ్చును.

తమ్ముడు: | 8 |
అన్న: | 8 | 8 | 8 |

ఇదే బొమ్మతో అనేక ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చును. ఇద్దరి పంట కలిపి 4 ముక్కలు, అనగా 32 క్వింటాళ్లు. తేడా 2 ముక్కలు, అనగా 16 క్వింటాళ్లు. ఇద్దరి మొత్తం 32 అని మాత్రమే చెప్పినా, దానిని 4తో భాగించి ఒక ముక్క విలువ 8 అని కనుగొనవచ్చును.

"3 రెట్లు", "3 ఎక్కువ" అనే మాటల మధ్య తేడా కూడా పట్టీలో స్పష్టమవుతుంది. తమ్మునికి 8 క్వింటాళ్లు పండినప్పుడు మొదటి దాని ప్రకారం అన్నకు 24, రెండవ దాని ప్రకారం 11 క్వింటాళ్లు. వాడుకలో ఉన్న "3 రెట్లు ఎక్కువ" అనే మాటను కొందరు 24గా, మరికొందరు 32గా అర్థం చేసుకుంటారు. కాబట్టి సమస్యలలో "3 రెట్లు" అని వ్రాయడమే మంచిది.

గీసే క్రమం

"ఆరుగురు కూలీలు ఒక్కొక్కరు 25 కిలోల చొప్పున పత్తి తీశారు. మొత్తం ఎంత?" అనే సమస్యను ఈ క్రమంలో సాధించవచ్చును.

1. ఏ రాశి తెలుసు, ఏది తెలియదు అని గుర్తించాలి. ఇక్కడ మొత్తం తెలియదు.
2. ఒక కూలీ తీసిన పత్తికి ఒక గడి గీసి 25 అని వ్రాయాలి.
3. అటువంటి గడులు ఆరు ప్రక్కప్రక్కనే గీయాలి.
4. తెలియని రాశికి ప్రశ్న గుర్తు పెట్టాలి.
5. ఆ తరువాతే లెక్క చేయాలి: 6 × 25 = 150 కిలోలు.

25 + 6 = 31 అని వ్రాసిన విద్యార్థికి ఈ బొమ్మ చూపితే, కిలోలను మనుషులతో కూడలేమని, ఇద్దరు తీసిన పత్తే 50 కిలోలు దాటకుండా ఉన్నా 31 కంటే ఎక్కువని తానే గ్రహించగలడు.

జాగ్రత్తలు

బొమ్మ అందంగా ఉండనవసరం లేదు. పత్తి కాయలు, కూలీల ముఖాలు గీస్తూ కూర్చుంటే సంబంధం మరుగున పడుతుంది. మేరీ హెగార్టీ, మరియా కోజెవ్నికోవ్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, రాశుల మధ్య సంబంధాన్ని చూపే చిత్రాలు వాడిన విద్యార్థులు మెరుగ్గా లెక్కలు చేయగా, వస్తువుల రూపాన్ని మాత్రమే ఊహించుకున్నవారు వెనుకబడినట్లు తేలింది. అలాగే ఒక పట్టీలోని ముక్కలన్నీ సమానంగా ఉండాలి. లేనిచో అది గుణకారాన్ని సూచించదు.

చరిత్ర

తెలుగులో పద సమస్యలు చాలా పాతవి. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత గ్రంథం గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆధునిక కాలంలో జార్జి పోల్యా 1945లో వెలువరించిన గ్రంథంలో సమస్యా సాధనకు బొమ్మ గీయడాన్ని ఒక ముఖ్య సూచనగా పేర్కొన్నాడు. జెరోమ్ బ్రూనర్ 1960లలో, అభ్యసనం చేతలు, బొమ్మలు, గుర్తులు అనే మూడు రూపాలలో సాగుతుందని వివరించాడు. పట్టీ చిత్రాలను 1980ల దశకంలో సింగపూరు ప్రాథమిక పాఠశాలలలో ప్రవేశపెట్టారు. భారతదేశంలో జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం – 2005 చదువును బట్టీ విధానం నుండి తప్పించాలని సూచించింది.

చింతపిక్కలతో మొదలై, చుక్కల మీదుగా పట్టీకి, అక్కడి నుండి అంకెలకు చేరడం ఈ పద్ధతిలోని క్రమం. సంబంధం మనసులోనే కనబడే స్థితికి వచ్చిన విద్యార్థికి బొమ్మతో పని ఉండదు.