బ్యాండ్ ఉత్తుత్తిది, సితార్ మాత్రం అసలుది

‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్ మొదట్లో వినిపించే కిన్నెర గుర్తుందా? మన నాగర్‌కర్నూల్ జిల్లా మొగులయ్య గారిది. 2021లో ఆ పాట రాకముందు పన్నెండు మెట్ల కిన్నెర గురించి మనలో ఎంతమందికి తెలుసు?

మన వాద్యం ఒకటి ఇలాగే పాప్ స్టూడియోలోకి వెళ్లిన కథ ఇంకోటుంది. 1966, లాస్ ఏంజెలెస్. అంతకు ముందు ఏడాదే ‘నార్వీజియన్ వుడ్’లో బీటిల్స్ జార్జ్ హారిసన్ సితార్ వాయించాడు. ఇంకేముంది, రాక్ వాళ్లందరికీ సితార్ పిచ్చి పట్టింది. సైకడెలిక్ రాక్ అప్పుడప్పుడే మొదలవుతోంది. వరల్డ్ పసిఫిక్ కంపెనీ ఆ ఊపులోనే ‘ఫోక్‌స్వింగర్స్’ పేరుతో ‘రాగా రాక్’ ఎల్పీ దించేసింది.

నిజానికి అదొక స్టూడియో పేరు మాత్రమే. 1963లో అదే పేరుతో వచ్చిన రికార్డుల్లో గిటార్ గ్లెన్ క్యాంప్‌బెల్‌ది. ఈసారి డ్రమ్స్‌కి హాల్ బ్లెయిన్, మిగతావాళ్లూ సెషన్ ఆర్టిస్టులే. మా ఐటీ భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ పేరు పాతదే, టీమ్ మొత్తం కాంట్రాక్ట్!

సితార్ వాయించిన హరిహర్ రావు మాత్రం పండిట్ రవిశంకర్ శిష్యుడు. ‘పెయింట్ ఇట్ బ్లాక్’, ‘ఎయిట్ మైల్స్ హై’ లాంటి అప్పటి హిట్లే వాయించారు. వింటే సరదాగానే ఉంటుంది గానీ, మూడు నిమిషాల పాటలో ఆలాపనకు చోటెక్కడిది? సితార్ కొన్నిచోట్ల అతికించినట్టే అనిపిస్తుంది.

రావు గారు అక్కడితో ఆగలేదు. 1973లో గురువుతో కలిసి అక్కడే ‘మ్యూజిక్ సర్కిల్’ పెట్టి మన సంగీత కచేరీలు చేయించారు.

మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో కూడా మన ఫోన్లలోనే తిరిగింది.