పంటి భయమునకు మందు కలదు

అనకాపల్లి పేరు వినగానే తెలుగువానికి బెల్లము స్ఫురించును. శారదానదీ ప్రాంతమున చెరకు పండించి, రసము కాచి, దిమ్మలుగా పోసి, దేశమందలి పెద్ద బెల్లపు మార్కెట్లలో ఒకటిగా పేరొందిన యార్డుకు చేర్చు ఈ ఊరిలో 1913లోనే చెరకు పరిశోధనా కేంద్రము నెలకొన్నదనిన, తీపితో ఈ నేలకు గల అనుబంధము ఎంత పాతదో తెలియగలదు. పంచదార చెరుపు చేయును గాని బెల్లము పంటికి ఏమియు చేయదని మనలో పలువురు నమ్ముదురు. అది సత్యము కాదు. బెల్లమునందలి అధిక భాగము చక్కెరయే. అది పళ్ళ సందులలో అంటుకొని చాలసేపు నిలుచును. నోటిలోని సూక్ష్మజీవులు దానిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపొరను కొద్దికొద్దిగా కరగించి, గుంట చేసి, తుదకు లోపలి నాడిని తాకును. మనము పిప్పి పన్ను అనునది దీనినే. తొలిదశలో వైద్యునికి చూపినచో ఒక్క పూటలో, నొప్పి యన్నది లేకుండ పూడ్పించుకొనదగిన గుంట అది. అట్టిదానిని చీము పట్టి, దవడ వాచి, రాత్రులు నిద్ర కరవగువరకు ఏల ఉపేక్షింతుము? తీరిక లేకపోవుట కొంత, చేతిలో ధనము లేకపోవుట కొంత కారణము. ఈ రెంటి వెనుక దాగియున్న మూడవ కారణమును చెప్పుకొనుటకు పెద్దవారు సిగ్గుపడుదురు. అది భయము.

ఏ దంతవైద్యుని గది ముందైనను బల్లపై కూర్చున్న వారిని కొంతసేపు గమనించినచో ఆ భయము కంటికి కనబడును. బుగ్గపై తుండుగుడ్డ అదిమిపట్టి కూర్చున్న రైతు, లోపలినుండి యంత్రపు సన్నని కూత వినబడగానే, "పోటు తగ్గిపోనాదే, రేపొద్దాం" అని లేచి నిలుచును. "రాత్తిరల్లా నిద్దర్నేదు గదేటి మావా, కూకో" అని భార్య చేయి పట్టి కూర్చుండబెట్టును. ఆతడు బొంకుటలేదు. భీతిచే దేహమంతయు ఉద్రిక్తమైనపుడు నొప్పి కొంతసేపు మరుగుపడుట కలదు. ఇల్లు చేరిన తరువాత అది మరల లేచును. సూదిని తలచి వణకువారు కొందరు. నోరు తెరచి వెల్లకిల పరుండి, మాటాడుటకైనను వీలులేక పరాధీనులై యుండుటకు జంకువారు కొందరు. చిన్ననాట బలవంతముగ పన్ను పీకిన జ్ఞాపకమును మరువలేనివారు మరికొందరు. పై పన్ను తీయించినచో కంటిచూపు పోవునను అపోహ కూడ మన పల్లెలలో నేటికిని చెల్లుచున్నది. పై పళ్ళకు స్పర్శజ్ఞానమునిచ్చు నాడి వేరు, చూపునిచ్చు నాడి వేరు. పన్ను తీసినంతమాత్రమున కంటికి హాని కలుగదు.

ఈ భయమునకు ఒక దుర్గుణము కలదు: తాను దేనికి జడియునో దానినే అది తెచ్చిపెట్టును. పంటి చుట్టును చీము చేరినపుడు అచటి కణజాలము ఆమ్లగుణమును పొందును. అట్టి చోట మత్తు ఇంజక్షను నాడిలోనికి చక్కగా చొరజాలదు. కనుక ఆలస్యము చేసి వచ్చినవారికి మొద్దుబారుట కష్టమై, కొంత నొప్పి తెలియుట సంభవించును. ఆ నొప్పి మనసున నాటుకొని, తరువాతి పన్ను పుచ్చినపుడు ఆ మనిషి మరింత ఆలస్యముగ వచ్చును. ఆతడు ఇంటికేగి చెప్పిన కథ విని ఇరుగుపొరుగు వారును వెనుకాడుదురు. భయము వలన ఆలస్యము, ఆలస్యము వలన నొప్పి, నొప్పి వలన భయము: ఈ చక్రమును ఎచటనో ఒకచోట ఖండింపనిదే పంటివైద్యము ముందునకు సాగదు. ధైర్యము తెచ్చుకొమ్మని మందలించుట వలన అది తెగదు.

వైద్యశాస్త్రము ఈ భయమును పరిహసింపలేదు, కొలిచినది. అమెరికాలో నార్మన్‌ కోరా అను శాస్త్రవేత్త 1969లో నాలుగు ప్రశ్నల కొలమానమును కూర్చెను; 1995లో దానికి సూదిని గూర్చిన అయిదవ ప్రశ్న చేరినది. రేపు పంటివైద్యునికడకు పోవలసియున్నచో మీకెట్లుండును? బల్లపై వేచియున్నపుడు, పన్ను తొలుచునపుడు, పళ్ళపై గార తీయునపుడు, చిగురునకు సూది వేయునపుడు ఎట్లుండును? ఒక్కొక్క ప్రశ్నకు 1 మొదలు 5 వరకు అంకెలు వేసికొని కూడగా 19గాని అంతకు మించిగాని వచ్చినచో అది తీవ్రమైన భయమని లెక్క. జ్వరమును కొలిచినట్లు భయమును కొలువవచ్చునని తెలిసిన పిదప, దానిని పిరికితనమని నిందించుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

భయమును కొలుచుటకు ఎంతో ముందే, నొప్పిని మరపించు మత్తు వైద్యలోకమున వ్యాపించినది పంటివైద్యుల చేతిమీదుగనే. 1844 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌ నగరమున నైట్రస్‌ ఆక్సైడ్‌ అను నవ్వుల వాయువును వినోదప్రదర్శనగా చూపుచుండగా, పీల్చినవారిలో ఒకడు కాలికి గాయమైనను బాధ యెరుగకుండుట హోరేస్‌ వెల్స్‌ అను దంతవైద్యుడు గమనించెను. మరునాడే తాను ఆ వాయువును పీల్చి, తన పన్నునే తోటి వైద్యునిచేత తీయించుకొనెను. 1846లో బోస్టనులో ఈథరు మత్తును లోకమునకు చాటిన మోర్టనును దంతవైద్యుడే.

ఈ చరిత్రలో మన తెలుగునేలకును ఒక గౌరవస్థానము కలదు. క్లోరోఫాము మత్తులో రోగులు హఠాత్తుగ మరణించుటకు హేతువేమని ప్రపంచ వైద్యులు తర్కించుచున్న కాలమున, 1888, 1889 సంవత్సరములలో, హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డు లారీ, ఆరవ నిజాము మహబూబ్‌ అలీఖాను ధనసహాయముతో, హైదరాబాదు క్లోరోఫాము కమిషన్లు అను పరిశోధక సంఘములను నడపెను. రెండవదానికి లండనునుండి లాడర్‌ బ్రంటను అను వైద్యుడు వచ్చి పాల్గొనెను. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాము నిచ్చుటలో నేర్పరియై, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా కీర్తి గడించెను. రోగి శ్వాసను కనిపెట్టి యుండవలెననునది లారీ బోధ. శ్వాసయే ముందు ఆగును, గుండె తరువాత ఆగునని ఆయన చేసిన నిర్ణయము సంపూర్ణ సత్యము కాదని, 1911లో లెవీ అను లండను వైద్యుడు చూపెను: క్లోరోఫాము మత్తు చాలీచాలకుండ ఉన్నపుడు దేహమున అడ్రినలిను హెచ్చినచో గుండె లయ తప్పి ఆగిపోగలదు. ఆ అడ్రినలిను భయమున దేహము తానే విడుచు పదార్థము. క్లోరోఫాము నేడు వాడుకలో లేదు. కాని శ్వాసను విడువక కనిపెట్టుట, మందునకు ముందే రోగి మనసును కుదుటపరచుట అను రెండు పాఠములు నేటికిని నిలిచియున్నవి.

ఇచట పాఠకులు ఒక భేదమును చక్కగా గ్రహింపవలెను. నొప్పిని తీర్చు మందు వేరు, భయమును తీర్చు మందు వేరు. పన్నును మొద్దుబరచునది లిగ్నొకెయిన్‌ వంటి మత్తు ఇంజక్షను. స్వీడను దేశమున లోఫ్గ్రెన్‌ అను శాస్త్రవేత్త 1943లో కనిపెట్టిన ఈ మందు పంటివైద్యమునకు నేటికిని మూలాధారము. నేర్పుగల వైద్యుడు మొదట చిగురును దూదితో తుడిచి ఆరనిచ్చి, మొద్దుబరచు జెల్లును పూసి ఒకటి రెండు నిమిషములు ఆగును. బుగ్గను వ్రేళ్ళతో సాగదీసి పట్టి, సన్నని సూదిని మెల్లగా దించి, మందును చుక్కచుక్కగా, నిమిషమునకు పైగా పట్టించును. త్వరపడి నెట్టిన మందు కణజాలమును సాగదీయుటయే చాలవరకు సూదినొప్పికి హేతువు. మందులో కలిపిన స్వల్పమైన అడ్రినలిను వలన కొందరికి క్షణకాలము గుండె దడ కలుగును. అది ప్రమాదమని తలచి బెదరనక్కరలేదు, కాని గుండెజబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

అల్పభయము గలవారికి మందుకన్న మాటయే మేలు. చేయబోవుదానిని చెప్పి, పరికరమును చూపి, పిదప చేయుట పిల్లల వైద్యులు పాటించు పద్ధతి. అది పెద్దలకును పనికివచ్చును. "నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తమ్మా, వెంటనే ఆపేస్తాను" అని వైద్యుడు చెప్పి, చేయి ఎత్తగానే నిజముగా ఆపినచో, పరాధీనతాభావము సగము తొలగును. ఆ మాటను ఒక్కసారి తప్పినను పోయిన నమ్మకము మరల రాదు.

మాటకు లొంగని భయమునకు ఉపశమన ఔషధములు కలవు. వానిలో మృదువైనది నైట్రస్‌ ఆక్సైడ్‌ వాయువు. ముక్కుపై చిన్న తొడుగు నుంచి, మొదట శుద్ధమైన ఆక్సిజనును, పిదప కొద్దికొద్దిగా వాయువును కలిపి ఇత్తురు. కొన్ని నిమిషములలో వ్రేళ్ళ కొనలు చిమచిమలాడి, ఒళ్ళు వెచ్చబడి తేలికయగును. యంత్రపు కూత దూరముననుండి వినబడుచున్నట్లుండును. రోగి మేలుకొనియే యుండి, అడిగినదానికి బదులు చెప్పుచుండును. ఆక్సిజను నూటికి 30 పాళ్ళకు తగ్గకుండ యంత్రమే అడ్డుపడును. పని ముగిసిన పిదప సుమారు 5 నిమిషములు కేవలము ఆక్సిజనును పీల్పించినచో మత్తు చాలవరకు విడిపోవును. ముక్కు దిబ్బడ ఉన్నవారికి ఇది పనిచేయదు. తొలి నెలల గర్భిణులకు, బి12 విటమిను లోపించినవారికి, ఇటీవల కంటిలో వాయువు నింపి శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి ఇది తగదు.

రెండవది బిళ్ళగానో ద్రవముగానో నోటిద్వారా ఇచ్చు డయాజిపామ్‌, మిడజొలామ్‌ వంటి మందు. ఇది కొందరికి త్వరగా, కొందరికి ఆలస్యముగ పట్టును. కనుక మందులషాపులో అడిగి కొని ఇంటిదగ్గర మ్రింగి వచ్చుట ఎన్నటికిని కూడదు. మూడవది నరముద్వారా ఎక్కించు మిడజొలామ్‌. ఇది కొద్ది నిమిషములలోనే పట్టును. మోతాదును చూచుకొనుచు కొద్దికొద్దిగా పెంచవచ్చును. జరిగిన దానిలో చాల భాగము రోగికి జ్ఞాపకముండదు. ఇది అధికమైనచో విరుగుడుగా ఫ్లుమజెనిల్‌ అను మందు సిద్ధముగ నుండవలెను. నాలుగవది పూర్తి మత్తు. నోటినిండ పిప్పళ్ళున్న పసివారికి, మనోవైకల్యము వలన సహకరింపజాలని వారికి, పెద్ద ఆసుపత్రిలో మత్తువైద్యుని సమక్షమున మాత్రమే అది తగును. మొదటి మూడు పద్ధతులలోను మొద్దు ఇంజక్షను వేయక తప్పదు. మనసు శాంతించినంత మాత్రమున పన్ను మొద్దుబారదు.

ఈ దశల నడుమ గట్టి సరిహద్దులు లేవు. అనకాపల్లి బెల్లపు బట్టీ దగ్గర పెనమును కనిపెట్టి యుండువానికి తెలిసినట్లు, లేతపాకము ముదురుపాకముగ మారుట రెప్పపాటులో జరుగును. అట్లే తేలిక మత్తు గాఢమత్తుగ మారవచ్చును. అందువలన ఏ దశను ఉద్దేశించిరో దానికి తరువాతి దశనుకూడ సంబాళింపగల నేర్పు, పరికరములు వైద్యునికి ఉండవలెను. పన్నుపై దృష్టి నిలిపిన వైద్యుడే మత్తును కూడ కనిపెట్టుట చాలదు. శ్వాసను కనిపెట్టుటకు, నాడిని, రక్తమందలి ఆక్సిజనును వ్రేలికి తగిలించిన పల్స్‌ ఆక్సీమీటరుపై చూచుటకు వేరొకరు ఉండితీరవలెను. మత్తు ఎవరు ఇత్తురు, ఎవరు కనిపెట్టుదురు, ఆక్సిజను, విరుగుడు మందు ఉన్నవా అని ముందుగ అడుగుట రోగి హక్కు. అట్లడిగిన రోగిని చూచి మంచి వైద్యుడు కోపింపడు.

రోగి విధులును కలవు. మిడజొలామ్‌ వంటి మందుకు, పూర్తి మత్తుకు ముందు 6 గంటలు ఆహారము, 2 గంటలు నీరు మానవలెను. మధుమేహము గలవారు ఆనాటి మందును గూర్చి వైద్యుని ముందే అడుగవలెను. గురక, ఉబ్బసము, కాలేయపు జబ్బు, మద్యపానపు అలవాటు, వాడుచున్న మందులు, ఏదియు దాచరాదు. వెంట ఒక పెద్దమనిషి రావలెను. ఆనాడు బండి నడుపరాదు, కాగితములపై సంతకములు చేయరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "అల్లరి చేశావంటే డాక్టరుగారితో సూది వేయిస్తాను" అని బెదరించిన బిడ్డకు, వైద్యమన్నది శిక్షయని పాలపళ్ళ వయసుననే నేర్పినవారమగుదుము. పోటు లేనినాడు బిడ్డను తీసికొనిపోయి, కుర్చీలో కూర్చుండబెట్టి, పళ్ళు లెక్కపెట్టించి తెచ్చుట వేయి బుజ్జగింపులకు సమానము. పెద్దలకును ఈ మాట చెల్లును.

ఉత్తరాంధ్రలో ఈ భయమును జయించుట మరింత ముఖ్యము. చుట్ట నిప్పును నోటిలోనికి త్రిప్పి పీల్చు అడ్డపొగ అలవాటు ఈ తీరమున స్త్రీలలో చిరకాలముగ ఉన్నది. దాని వలన అంగిలిపై కలుగు మచ్చలను శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామీణులను పరీక్షించి 1971లో శాస్త్రవేత్తలు ప్రకటించిరి. ఆ మచ్చలలో కొన్ని క్యాన్సరుగ మారును. పంటివైద్యుని చూచి పారిపోవు తల్లి పన్నునే కాదు, ప్రాణమును కూడ పోగొట్టుకొనవచ్చును.

పిల్లలకు వాయువుతో ఉపశమనమిచ్చు సదుపాయము నేడు చాలవరకు పెద్ద నగరములలోని దంతవైద్య కళాశాలలలోను, ప్రత్యేక వైద్యులకడను లభించును; అనకాపల్లి వారికి విశాఖపట్టణము చేరువలోనే యున్నది. కాని 2022 ఏప్రిల్‌ 4న జిల్లాకేంద్రమైన ఊరి ప్రజలు, పన్ను కోసము మాత్రమే కాక భయము కోసము కూడ పరుగిడవలసివచ్చుట న్యాయము కాదు. ప్రతి జిల్లాకేంద్రపు ప్రభుత్వ ఆసుపత్రిలోను ఒక వాయుయంత్రము, దానిని వాడుటలో శిక్షణ పొందిన వైద్యుడు, కనిపెట్టి యుండు నర్సు ఉండునట్లు ప్రభుత్వము పూనుకొనవలెను. అంతవరకు మనచేతిలో ఉన్నది ఒకటి కలదు: వైద్యుని ముందు కూర్చున్నపుడు పంటి సంగతి చెప్పుటకు ముందే "నాకు భయమండీ" అని నోరు తెరచి చెప్పుట. ఆ మాట విన్న వైద్యుడు తన పద్ధతిని మార్చుకొనగలడు. వినని వైద్యుడు మార్చుకొనలేడు.