చిల్లు కాణీలో కథ

కథ రాయాలనుంది, వస్తువు దొరకడం లేదనే యువకులు ఇంట్లో ముసలివారి వక్కల సంచీ వెదికి చూడాలి. చిల్లు కాణీ దొరకవచ్చు. యుద్ధకాలంలో లోహం పొదుపుకని 1943 నుంచి 1947 వరకు నడుమ చిల్లుతో వేసిన నాణెం అది. రూపాయికి 64 కాణీలు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. అణాకు ఆరుంబావు! ఆ పావు ఎవరి జేబులోకి పోయిందని సంతలో తగవు పెట్టుకున్న ముసలమ్మను ఊహించండి, సగం కథ వచ్చినట్టే. పిల్లవాడి మొలతాడుకు కట్టిన కాణీది మరో కథ.

అయితే ముందు అడగాలి, ఆనక రాయాలి. మా ఇంటి కాణీ ఒక అంచున రాతికి నూరినట్టు అరిగింది. ఎందుకో నాయనమ్మ బతికుండగా అడగలేదు. ఇప్పుడు కల్పించి రాయవలసిందే.